మడత

ముందు బూట్లు గీశాను.
మొహం తరవాతైనా చూసుకోవచ్చు,
తెల్ల బూట్లు ఆగవు.
ఫిషింగ్ హార్బర్‌లో తెలుపుకి
పొద్దున్న తొమ్మిదింటి దాకే ఆయుష్షు.

ఎర్రన్న వాటిని టూత్‌పేస్టుతో తోమి
ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు.
నా గుమ్మంలో చెప్పులు విప్పి
లోపలికొచ్చి బూట్లు తొడుక్కున్నాడు.

మే నెల. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.
వాడేమో తొడల దాకా జారే నల్ల హుడీలో,
టోపీ కనుబొమల మీదికి లాక్కుని
చేతులు జేబులో దోపుకుని నిలబడ్డాడు.
"ఉక్కకి చచ్చిపోతావురా" అన్నాను.
"ఐసు ఫేక్టరీలో నైటు డ్యూటీ అక్కా,
సలికి ఎలాగూ ఏదోటి ఎయ్యాల.
ఏసిందేదో బావుండాల కదేటి."

జగదాంబ దగ్గర, ఆదివారం, పేవ్‌మెంటు మీద
ఆరొందలు చెప్తే మూడొందల యాభైకి బేరమాడాడట.
రొమ్ము మీద తెల్లగా కంపెనీ పేరు.
అందులో ఒక అక్షరం ఎక్కువ.

నాకు మొహాల కంటే ముందు అక్షరాలొచ్చు.
మా నాన్న బోట్లకి పేర్లు రాసేవాడు.
ఇంగ్లీషు చదవలేడు,
కాయితమ్మీద రాసిచ్చింది చూసి
చేపని గీసినట్టు గీసేవాడు.
ఒకసారి ఎన్ను తిరగబడింది.
ఓనరు యాభై రూపాయలు కోశాడు.
ఆ తిరగబడ్డ ఎన్నుతోనే
పదకొండేళ్ళు వేటకెళ్ళొచ్చింది ఆ బోటు.
వలలో చేపలేమీ తిరగబడి పడలేదు.

కాలేజీలో నా మొదటి పోర్ట్రెయిట్ నాన్నదే.
బనీను మీది ఎనామిల్ మరకలు తీసేశాను.
బనీను కూడా తీసేశాను.
ఆయన ఏనాడూ తొడగని తెల్ల చొక్కా తొడిగి
గుండీలు మెడ దాకా పెట్టాను.
మేడమ్ చాలాసేపు చూసింది.
"చొక్కా ఉంది, మనిషేడీ?
గుడ్డ మడత పడేది ఒంటి మీదమ్మా, గాలి మీద కాదు."
నాన్న చూసి మెచ్చుకున్నాడు.
"బావున్నాడమ్మా, గవర్నమెంటు ఉద్యోగస్తుడిలాగున్నాడు."
ఉన్నాడు, అన్నాడు.
ఉన్నాను, అనలేదు.

ఆ తరవాత నాలుగేళ్ళు మడతలే గీశాను.
వన్‌టౌన్ దండేల మీద
పోర్టు ధూళి ఎర్రగా పట్టిన దుప్పట్లు,
వల మీద కప్పిన టార్పాలిను,
సింహాచలం బస్సులో నిద్రపోయేవాళ్ళ మోచేతులు.
ఒక్క మనిషి మొహం గీయలేదు.
చేతకాక కాదు. భయమేసి.

ఆరో రోజు ఎర్రన్న కేన్వాసు చుట్టూ తిరిగాడు.
బూట్లు చూసి నవ్వాడు.
రొమ్ము దగ్గర ఆగిపోయాడు.
"అక్కా, ఒరిజినల్‌ది ఇలాగుండదంట.
మావోళ్ళు నవ్వుతన్నారు.
నువ్వైనా సరిజేసియ్యవా?"

చేతిలో బ్రష్షు ఉంది, బ్రష్షుకి నలుపుంది.
ఒక్క రుద్దు రుద్దితే
మూడొందల యాభై హుడీ అసలుదైపోతుంది.
తెల్ల చొక్కా గుర్తొచ్చింది.
ఉన్నది ఉన్నట్టే ఉంచాలని
ఏళ్ళ తరబడి నేర్చుకున్న పొగరు గుర్తొచ్చింది.
రొమ్మేమో వాడిది. నవ్వులు పడేదీ వాడే.
"రేపు రారా" అన్నాను.

మర్నాడు అడిగాను,
ఐసు దిమ్మ భుజానికెత్తేటప్పుడు ఎలా ఒంగుతావని.
ఒంగాడు.
ఎడం భుజం కిందికి దిగింది,
గుడ్డ చంకలోంచి పక్కటెముకల మీదుగా
వాలుగా, లోతుగా ముడుచుకుంది.
పొద్దుగూకేదాకా ఆ ఒక్క మడతే వేశాను.
ఎక్కువ అక్షరం అందులోకి జారింది,
కాలి కొస మాత్రం బయటికుంది.
తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

ఎర్రన్న చూశాడు.
అక్షరం ఊసెత్తలేదు.
తన భుజాన్నోసారి తడుముకున్నాడు.
"ఇదిలా దిగిపోయిందని నాకు తెల్దక్కా."

బూట్లు విప్పి, అరచేత్తో తుడిచి
కవర్లో పెట్టుకున్నాడు.
చెప్పులేసుకుని డ్యూటీకి ఎలిపోయాడు.